మార్చిలో కదిలే సూది

1 మార్చి 1983
పొద్దున్నే మా భౌతికశాస్త్ర సంస్థ డైరెక్టర్ కరస్తోయనోవ్ వరండాలో నన్ను ఆపి చేతికి మార్తెనిత్సా కట్టాడు. మార్చి ఒకటిన మా బల్గేరియాలో అందరూ కట్టుకునే ఎరుపూ తెలుపూ ఉన్ని దారం, కొసల్లో రెండు కుచ్చులు. కొంగ కనబడేదాకా విప్పకు నెవ్యానా, చల్లగా ఉండు అన్నాడు. ఆ నోటితోనే, మే నెలలో అకాడమీ వాళ్ళు వస్తున్నారు, ఈ ఏడు కూడా నీ సూది వేషాలు వేస్తే నేలమాళిగ ఖాళీ చేయించి లేజర్ వాళ్ళకిస్తాను అన్నాడు. మనిషి తీరే అంత. దీవిస్తూనే గొయ్యి తవ్వుతాడు.

2 మార్చి
సూది జరిగింది.

5 మార్చి, సాయంత్రం
ఏమీ తోచక మొదటినుంచీ రాసుకుంటున్నాను. నేలమాళిగలో గంటలా బోర్లించిన పెద్ద గాజు మూత, గాజు గంట అంటాం. లోపల గాలి లేదు. సన్నటి దారానికి రెండు సీసపు గుండ్లు వేలాడుతుంటాయి. ఇంకో గుండుని వాటికి వెంట్రుకవాసి దూరంలోకి తెస్తే అవి ఎంత లాక్కుంటాయో సూది చెబుతుంది. అంత దగ్గరలో గురుత్వాకర్షణ ఎంతన్నది ప్రపంచంలో ఇంకా ఎవరూ సరిగ్గా కొలవలేదు. నేను కొలుస్తున్నాను. నా వయసంతా ఆ గాజు గంట ముందే గడిచిపోయింది.

ఏడాది పొడుగునా రాయిలా ఉండే సూది మార్చి రాగానే పక్కకు ఒరుగుతుంది. కొన్ని వారాలకి దానంతటదే సర్దుకుంటుంది. తేమ చూశాను. ట్రాముల అదురు చూశాను. ఏదీ కాదు. కారణం చెప్పలేకపోతే మిగతా రీడింగులు కూడా ఎవరూ నమ్మరు. నేనైనా నమ్మను.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో కరస్తోయనోవ్ అందరికీ వినబడేలా, నెవ్యానా గుండ్లకి వసంతం వచ్చిందర్రా, ప్రేమలో పడ్డాయి అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఒళ్ళు మండిపోయింది.

19 మార్చి
హీటర్లన్నీ ఆపించాను. వేళ్ళు కొంకర్లు పోయాయి. సూది మాత్రం ఒరిగినట్టే ఉంది.

ఊరినుంచి అమ్మ ఫోన్. నేను దారానికి పొగాకు గుచ్చితే ఇంత తిండి దొరికింది, నీ దారానికి ఏం దొరుకుతోందే అని అడిగింది. ఎగతాళికే అంది. కానీ గుచ్చుకుంది.

28 మార్చి
మా టెక్నీషియన్ స్టామెన్ బాబాయి పల్లెనుంచి రైల్లో వస్తూ స్టేషన్ పొగగొట్టం మీద కొంగని చూశాడట. పెళ్ళికొడుకులా వచ్చాడు. అందరూ దారాలు విప్పి పెరట్లో రేగు చెట్టుకి కట్టారు. నేనింకా కొంగని చూడలేదన్నాను. నీ తరఫున కూడా నేనే చూసొచ్చాను, విప్పమ్మాయీ అన్నాడు.

29 మార్చి, ఉదయం
సూది దాని చోటికి వచ్చేసింది. ఒక్క రాత్రిలో.

29 మార్చి, మధ్యాహ్నం
కారణం దొరికింది.

నిన్నటికీ ఇవాళ్టికీ మారింది దారాలొక్కటే. కిందికి పరిగెత్తాను. గాజు గంట మెడ దగ్గర ఎర్రటి ఉన్ని పీచు అంటుకుని ఉంది. స్టామెన్ బాబాయిని అడిగితే, అదీ మనతో పాటు పనిచేస్తోంది కదమ్మా, దానికి మాత్రం కట్టొద్దూ, ఏటా కడుతూనే ఉన్నాను, నువ్వు చూస్తూనే ఉన్నావు, నిన్న దానిదీ విప్పేశాను అన్నాడు.

నిజమే. చూస్తూనే ఉన్నాను. మార్చిలో ఈ దేశంలో తలుపు గడియకీ, ట్రాము అద్దానికీ, కుక్క మెడకీ ఆ దారమే. ఇక దాన్ని ప్రత్యేకంగా ఎవరు పట్టించుకుంటారు. రోజూ పొద్దున ఆయన ఆ గాజు గంటని తుడుస్తాడు. ఉన్ని గాజుకి రాసుకుంటుంది. విద్యుత్తు పుట్టి గుండ్లని లాగుతుంది. బడిపిల్లలకి చెప్పే మొదటి పాఠం.

నేల మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వాను. తనవల్లే అని తెలిసి బాబాయి ముఖం పాలిపోయింది. లేచి రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టాను. మన పని బతికింది బాబాయ్ అన్నాను.

12 మే
అకాడమీ వాళ్ళు వచ్చారు. వాళ్ళ ముందే గంట మెడకి దారం కట్టి గాజు తుడిచాను. సూది ఒరిగింది. దారం విప్పి, గాజు మీది విద్యుత్తు పోయేలా చేశాను. సర్దుకుంది. మార్చి నెలలన్నీ తీసేసి గీసిన గ్రాఫ్ గోడకి అంటించాను. గీత స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. చూసి నాకే కళ్ళు చెమర్చాయి.

వాళ్ళలో పెద్దాయన, ఇంత నవ్వులపాటు విషయం బయటపెట్టకుండా మార్చిని చడీచప్పుడు లేకుండా కొట్టేయొచ్చు కదా అన్నాడు. అప్పుడు మిగతా నెలల్ని మీరెందుకు నమ్మాలి అన్నాను. ఆయన లేచి నాతో చేయి కలిపాడు. నేలమాళిగ నాదే. కరస్తోయనోవ్ గ్రాఫ్ ముందునుంచి కదల్లేదు. ఆనవాయితీ ప్రకారం శుభం జరిగినవాళ్ళే పంచాలి కాబట్టి చాక్లెట్ డబ్బా తెరిచాను. మొదటిది ఆయనకే ఇచ్చాను.

14 అక్టోబర్, వియన్నా
ఇక్కడి అంతర్జాతీయ సభలో పతకం నాకే. వెంట్రుకవాసి దూరంలో గురుత్వాకర్షణని ఇంత కచ్చితంగా ఇంకెవరూ కొలవలేదని వేదిక మీద చదివారు. నా వంతు రాగానే దారం కథ చెప్పాను, స్టామెన్ బాబాయి పేరుతో సహా. హాలు హాలంతా పగలబడి నవ్వింది. తర్వాత అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను కూర్చోమనేదాకా కూర్చోలేదు.

అమ్మకి ఫోన్ చేశాను. ఊరందరికీ జున్ను పెట్టిన బనిత్సా రొట్టెలు కాల్చి పెడుతోందట, పిండి చేతుల్తో ఫోన్ ఎత్తింది. నీ దారం నా దారం కంటే గట్టిదే అంది. వియన్నా టెలిఫోన్ గదిలో వెక్కి వెక్కి ఏడ్చాను. ఇంత సంతోషం నాకు ఊహ తెలిశాక ఎప్పుడూ లేదు.

1 మార్చి 1984
సూది కదల్లేదు. కరస్తోయనోవ్ చూడ్డానికి కిందికి వచ్చాడు. మార్చి ఒకటిన చేతికి దారం లేని బల్గేరియా వాణ్ణి మొదటిసారి చూశాను.