శనివారం ఒక్క గంట పొంగకుండుటకై

బరాంబిన్, దక్షిణ ఆస్ట్రేలియా
14 ఏప్రిల్ 2020

శ్రీ గ్రేమ్ టిండల్ గారికి,
మురుగునీటి విభాగపు అధికారి,
బరాంబిన్ పట్టణ కౌన్సిల్.

అయ్యా,

విషయం: టానరీ వీధి యావత్తూ తన కష్టసుఖాలను 21వ నంబరు ఇంటి పెరట్లో వెళ్లబోసుకొనుచున్న సంగతి – వచ్చే శనివారం అదే పెరట్లో మా అమ్మాయి పెళ్లి – పైపు కడిగే లారీని పంపుమని ప్రార్థన – గురించి.

సదరు ఇంటి యజమానిని, రిటైరైన రైల్వే గార్డును, పన్ను గడువులోగా కట్టువాడను అగు నెవిల్ పాస్కో సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా:

1. మాది కొండవాలు వీధి. పైన రెండో నంబరు ఇంట్లో తమరు, అడుగున నేను, నడుమ తక్కినవారు. పైనవారు వదిలినది కిందివాడి ఇంటిమీదుగా పోవలసిందే. ఇన్నేళ్లుగా ఈ ఏర్పాటుకు నేను అభ్యంతరం చెప్పి యుండలేదు.

2. మహమ్మారి పేరు వినగానే జనం దుకాణాల మీద పడి టాయిలెట్ పేపర్ మొత్తం ఎత్తుకుపోయిన నాటి నుండి, మా వీధివారు చేతికందిన కాగితంతో సర్దుకొనుచున్నారు. సదరు కాగితం నీళ్లలో కరగదు. పైపులో అడ్డంపడుతుంది. అప్పుడు మురుగు వెనక్కి తన్ని, నా పెరటి కంచె పక్కనున్న జాలీ మూతలోంచి పొంగుతుంది. ఈ విషయమై ఫిర్యాదు చేయగా తమ కార్యాలయం దయచేసిన జవాబు: "మురుగు ఇంటిలోనికి రాకుండా పెరటిలో పొంగుటకే సదరు జాలీ ఏర్పాటైనది. అది సక్రమంగా పనిచేయుచున్నది." చాలా సంతోషం. మా ఇంట్లో ప్రస్తుతం సక్రమంగా పనిచేస్తున్నది అదొక్కటే. టోస్టరు కూడా పాడైంది.

3. ఆ పిమ్మట కౌన్సిల్ వారు "టాయిలెట్లో కాగితాలు వేయరాదు" అని రంగురంగుల కరపత్రం అచ్చువేయించి ఇంటింటికీ పంపినారు. కాగితానికి జనం అల్లాడుతున్న వేళ ఇంటింటికీ కాగితం పంపిన తమ ముందుచూపును మెచ్చుకోకుండా ఉండలేను. మొదటి కరపత్రం గురువారం నా జాలీలోంచి పైకి వచ్చినది. దాని మీద తమ ఫోటో చెక్కుచెదరలేదు. అచ్చు మంచి నాణ్యమైనదని ధ్రువీకరిస్తున్నాను.

4. ఏ కాగితం ఎవరిదో నాకిప్పుడు చూడగానే తెలిసిపోతుంది. ఏడో నంబరు వారు పాత టెలిఫోన్ డైరెక్టరీని అక్షరక్రమంలో వాడుకొస్తున్నారు. పక్కింటి బెరిల్ వాడేది వారపత్రిక. గళ్ల నుడికట్టును ఆకుపచ్చ సిరాతో పూర్తి చేశాకే పనిలోకి దించుతుంది. ఇన్ని తిప్పలెందుకు, నీళ్లు వాడుకోండి అని రేడియోలో ఒక డాక్టరమ్మ చెప్పిందట. ఆ మాట నేను కంచె మీదుగా బెరిల్‌తో అన్నాను.

"నీళ్లా? ఛీ ఛీ! మనమేమన్నా అడివి మనుషులమా నెవిలూ?" అని, ఆవిడ ఆటల పేజీని నాలుగు మడతలు పెట్టుకుని లోపలికి వెళ్లింది.

5. ఈ సంగతి రాయడం నాకు కష్టంగా ఉన్నది. మా అమ్మాయి టీగన్ పెళ్లి విందు బౌలింగ్ క్లబ్బులో జరగవలసినది. క్లబ్బు మూతపడినది. విందు కోసం తెప్పించిన కాగితపు నాప్‌కిన్లు, "టీగన్ – లాక్లన్" అని బంగారు అక్షరాలతో అచ్చువేసినవి, పెట్టెలకొద్దీ మిగిలినవి. పిలిచినవాళ్లను రావద్దని చెప్పాల్సి వచ్చిందే అని మా ఆవిడ గ్లెనిస్ బాధపడి, ఇంటికొక కేకు ముక్క, దానితో ఒక నాప్‌కిన్ల కట్ట చొప్పున, గుర్తుగా దాచుకోమని వీధిలో అందరి గుమ్మాల్లో పెట్టి వచ్చినది. వారం తిరగకముందే అవి వెనక్కి వచ్చినవి. ఏ దారిన వచ్చినవో వేరే చెప్పనక్కరలేదు.

ముందు చూసినది టీగనే. చూసి లోపలికి వెళ్లిపోయింది. పేర్లు కనపడకుండా నేను పారతో ఒక్కొక్కటీ తిరగేశాను. ఆ పూట నాకు వీధిలో ఒక్కొక్కరి మీదా చెప్పలేనంత కోపం వచ్చింది. బెరిల్‌ని నిలదీశాను.

"ఊరికే పారేస్తామా! ఎంత మెత్తగా ఉన్నాయో తెలుసా? తీసిన ప్రతిసారీ పిల్లలిద్దరూ చల్లగా ఉండాలనే అనుకున్నాను. ఇంకేమైనా మిగిలాయా?" అంది.

అంత మనసారా దీవించినావిడను ఏమనగలను? మిగిలిన కట్ట ఇచ్చి వచ్చాను.

6. ఇట్లు ప్రతి ఇంటి నుండి ఏదో ఒక ఆనవాలు నాకు అందినది, ఒక్క ఇంటి నుండి తప్ప. ఆ ఇల్లు రెండో నంబరు. తమ గృహం. అక్కడి నుండి పేపరు ముక్క గాని, గుడ్డ పీలిక గాని నేటి వరకు రాలేదు. నీళ్లలో కరిగి మాయమయ్యేది అసలైన టాయిలెట్ పేపర్ ఒక్కటే. కాబట్టి తమరు ఉపవాసమైనా ఉంటున్నారు, లేదా మార్చి నెల నుండి తమ కారు వానలో తడుస్తూ గ్యారేజీ బయటనే ఎందుకు నిలబడుచున్నదో నాకు అర్థమైనది. దీనిని ఆరోపణగా భావించవద్దని మనవి. అసూయగా భావించవచ్చును.

7. పెళ్లి శనివారం పగలు పదకొండు గంటలకు. ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ఐదుగురే ఉండవలెను: వధువు, వరుడు, పెళ్లి జరిపించే ఆవిడ, ఇద్దరు సాక్షులు. ఎవరా సాక్షులు అని మా వంటింట్లో చర్చ జరిగినది.

"ఏమయ్యా, హెదర్ వాళ్లాయన పోయి ఏడాదన్నా కాలేదు," అంది గ్లెనిస్. హెదర్ అనగా పెళ్లికొడుకు తల్లి. "కొడుకు పెళ్లి ఆవిడ బయట నిలబడి చూస్తే బాగుంటుందా? నేనా, కన్నదాన్ని."

"అయితే మిగిలింది నేనే కదా," అన్నాను.

"అలా మొహం పెట్టకు. కంచె ఎత్తు ఎంతని? నీకు అన్నీ కనిపిస్తాయి."

కావున వధువు తండ్రినైన నేను, వెనక సందులో వ్యాయామ నిమిత్తం నడుచుచున్న పౌరుడి హోదాలో, కంచె మీదుగా మా అమ్మాయి పెళ్లి చూడబోవుచున్నాను. కంచెకు అవతల నిలబడడానికి చోటున్నది ఒక్క దగ్గరే. ఇవతల సరిగ్గా అక్కడే జాలీ. ముందు వాకిట్లో చేద్దామంటే అక్కడ చాటు లేదు, రోడ్డు మీద నేను ఆగి నిలబడితే పోలీసులు జరిమానా వేస్తారు. టీగన్ నా ఒక్కగానొక్క కూతురు. చెయ్యి పట్టుకుని నడిపించుకుని వద్దామనుకున్నాను. నాకు చాలా బాధగా ఉంది, టిండల్ గారూ. ఈ వాక్యాన్ని ఆఫీసు భాషలో ఎలా రాయాలో తెలియలేదు.

కావున ప్రార్థించునది: శుక్రవారం లోగా పైపు కడిగే లారీని పంపవలెను. లారీ కుదరని పక్షంలో, తమ గ్యారేజీ నుండి ఇంటికొక రోల్ చొప్పున శనివారం ఉదయం వీధిలో పంచవలెను. ఒక్క పూట అందరూ అసలైన పేపరు వాడితే, ఆ ఒక్క గంటా జాలీ నోరు మూసుకుని ఉంటుందని నా ఆశ.

తమరు ముక్కు మూసుకొని అయినా సరే, ఈ అర్జీని చిత్తగించవలెను.

పల్లంలో ఉన్నవాడు కనుక వేరే దారి లేక,
తమ విధేయుడు,
నెవిల్ పాస్కో

తా.క.: కవరు అంటించబోతుంటే టీగన్ వచ్చి ఇదంతా చదివింది. తమ గ్యారేజీ దగ్గరకు వచ్చేసరికి పడీపడీ నవ్వింది. ఏడో సంగతి రెండుసార్లు చదివింది.

"లారీ గీరీ వద్దులే నాన్నా," అంది చివరికి. "కంపు ఉండనీ. అక్కడ నిలబడి నువ్వెలాగూ ఏడుస్తావు. కంపుకి కళ్లు మండాయని చెప్పుకోవచ్చు."

లారీని పంపండి, టిండల్ గారూ. నాకు ఆ సాకు అక్కర్లేదు.