కడగకూడని పొడి

కెమిస్ట్రీ మేడమ్‌ గారికి,

ల్యాబ్‌లోని అమినోకీటోన్ పొడి పాడైందని ల్యాబ్ అటెండర్ ఖైజర్ చాచాను పనిలోంచి తీసేసి ఇంటికి పంపారట. పాడుచేసింది నేను.

గోదావరిఖని గనిలో పనిచేసే మా నాన్న “డ్యూటీ దిగితే మసి కడుక్కున్నంకనే ఇంట్లకు రావాలె” అంటారు. నాకూ ఏదైనా కడగందే మనసొప్పదు. శనివారం ఆ పొడిలోని ఆమ్లాన్ని మురికి అనుకుని వంటసోడా కలిపిన నీళ్లతో కడిగేశాను. అణువులోని అమీన్ భాగాన్ని కదలకుండా పట్టి ఉంచింది ఆ ఆమ్లమే. అది పోగానే ఒక అణువులోని అమీన్ పక్క అణువులోని కీటోన్ భాగాన్ని పట్టుకుంది. సోమవారానికి తెల్లటి పొడి పసుపు బంకైంది.

రేపే మళ్లీ తయారు చేస్తాను, తప్పకుండా వస్తుంది. చాచాను మాత్రం ఈరోజే పిలిపించండి. శనివారం ఆయన “కడగకు బిడ్డా, గట్లనే ఉండనీ” అన్నారు. ఎమ్మెస్సీ చదివేది నేను కదా అని నవ్వాను.

మీ విద్యార్థిని