అమ్మగారి కారు సీటు

యాదన్నా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. చదవవని తెల్సు. అయినా నీ చేతికింద పని నేర్చినోణ్ని, నీకు చెప్పకుండ ఉండలేక రాస్తున్న.

జూబ్లీహిల్స్‌ల అమ్మగారి పాత ఫారిన్ కారు యాదికుందా? ఒకప్పుడు సినిమాలల్ల మస్తు ఏషాలేసిన మనిషికి ఇప్పుడు మోకాళ్లు వంగుతలేవు, ఎనక సీట్ల కూసునుడు అయితలేదు. మొన్న ఆమె బిడ్డ మన దుకాణానికొచ్చి, "సీటు ఎలాగైనా మార్చండి. అమ్మ ఒక్కసారి ఆ కార్లో తిరగాలంటోంది" అన్నది.

నువ్వు కుట్టిన తోలు సీటాయె. దాన్ని ఎవ్వర్నీ ముట్టనియ్యకపోయేటోనివి. కుట్లు నేనే ఇప్పిన. సగం సీటును తలుపు దిక్కు తిరిగేటట్టు చేసి, నీ తోలే మళ్ల తొడిగిన.

పొద్దుగాల కారు వాళ్లింటికి తీస్కపోతే అమ్మగారు ఎక్కి కూసున్నరు. సీటు నిమురుకుంట, "యాదగిరి రాలేదేం బాబూ?" అని అడిగినరు. ఆమెకు ఎవ్వరూ చెప్పలేదట.

"పోయిండమ్మా, ఏడాదైంది" అన్న.

అది విని కారును యూసుఫ్‌గూడకు పోనియ్యమన్నరు. మన దుకాణం ముంగట ఆపించి, కిందికి దిగలేక, కూసున్న కాన్నించే రెండు చేతులు జోడించి నీకు దండం పెట్టినరు.

మల్లేశు