వదులుగా ఉండాల్సిన స్క్రూ

అమ్మకు,

ఒక ప్రశ్న చాలా ఏళ్లుగా నాలోనే ఉండిపోయింది. చిన్నప్పుడు నా లెక్కల్లో తప్పు నీకు కనబడుతూనే ఉండేది. అయినా ఒక్క మాట అనకుండా పక్కన కూర్చుని గుండీలు కుట్టుకునేదానివి. చెయ్యి పెట్టకుండా ఎలా ఉండగలిగేదానివమ్మా?

ఇక్కడ మేం ముగ్గురం కులాసా. నీ మోకాలు కూడా ఇప్పుడు నీ మాట వింటోందని తలుస్తాను. నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. అమ్మాయి దగ్గు పూర్తిగా తగ్గింది. మీ అల్లుడు వంట నేర్చుకున్నారు, మేం తినడం నేర్చుకుంటున్నాం. "రోబోల పోటీ ఏమైందో ఒక్క ముక్క రాయవేం?" అన్నావు. రాయకపోవడానికి కారణం ఉంది.

అమ్మాయి జట్టులో నలుగురూ ఆడపిల్లలే. ఏడాదిపాటు మా ముందుగదిలోనే ఆ బండిని చేశారు. మోకాలెత్తు ఉంటుంది, నాలుగు చక్రాలు, ముందు రెండు వేళ్ల చెయ్యి. రెండున్నర నిమిషాల్లో నేలమీది ప్లాస్టిక్ రింగులు ఏరి గుంజలకు తొడగాలి. దాని నడక చూసి కుంటిబాతు అని పేరు పెట్టుకున్నారు. జట్టు నాయకురాలిని మేం దొరసాని అంటాం. వేళ్లు చేసిన పిల్ల రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప, అందుకని మూగనోము. పోటీకి తోడుగా నేను వెళ్లాను. పెద్దవాళ్లు వెంట ఉండొచ్చు గానీ రోబోను ముట్టుకోకూడదు. అది నిబంధన.

పొద్దున మూడు ఆటల్లోనూ ఒక్క రింగు జారలేదు. పిల్లలు తినడానికి వెళ్తే బల్ల దగ్గర నేను కాపలా ఉన్నాను. తరవాత సెమీఫైనల్. ఎత్తిన రింగల్లా జారిపోయింది. ఓడిపోయాం.

"నువ్వు చేసిన వేలికేమైందే? కర్రలా బిగుసుకుపోయింది!" అంది దొరసాని.

మూగనోము స్క్రూడ్రైవర్ పెట్టి చూసింది. "ఇది కాస్త వదులుగా ఉండాలి. అప్పుడే రింగుకు తగ్గట్టు వేలు సర్దుకుంటుంది. పరధ్యానంలో నేనే బిగించేశానేమో. తప్పు నాదే" అంటూ ఏడ్చేసింది.

అమ్మా, ఇన్నాళ్లూ నీకు రాయనిది ఇదే. ఆ స్క్రూ బిగించింది నేను. వాళ్లు లేనప్పుడు చూస్తే కదులుతోంది. పాపం, మరిచిపోయారనుకున్నాను. అటూ ఇటూ చూసి రెండు చుట్లు తిప్పాను. ఇంత చదివాను గానీ, వదులుగా ఉంచడం కూడా పనితనమేనని తట్టలేదు. పైగా ఆ పిల్ల ఏడుస్తుంటే నీళ్లసీసా మూత తీస్తూ, పెడుతూ నిలబడ్డాను.

మనమ్మాయి నావైపు తిరిగింది. "అమ్మా, నువ్వు ముట్టుకున్నావా?"

"ముట్టుకున్నాను."

"ఆంటీ! కుక్కర్ మూత అనుకున్నారా బిగించేయడానికి!" అని దొరసాని అరిచింది. మూగనోము ఏడుపులోంచే ఫక్కున నవ్వింది. "హమ్మయ్య, నేను కాదన్నమాట" అంది. నా మీద కోపం తెచ్చుకోవాలని కూడా ఆ పిల్లకు తోచలేదు.

"పదండి, చెప్పాలి" అని దొరసాని నన్ను న్యాయనిర్ణేత ముందు నిలబెట్టింది. ఆవిడ కళ్లద్దాలు తీసి, "గెలిచుంటే రద్దు చేసేదాన్ని. ఓడిపోయారు కదా, ఇంకేం రద్దు చెయ్యను?" అంది.

మూడో స్థానం ఆటకు నన్ను చివరి వరసలో కూర్చోబెట్టారు. ఒక్క రింగు తేడాతో నాలుగో స్థానం. నాలుగుకు కప్పు లేదు, కాగితం ఇచ్చారు. దాన్ని పట్టుకుని వాళ్లు గెంతిన గెంతులు చూడాలి. తిరుగు బస్సులో మూగనోము నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. దిగేదాకా నేను కదల్లేదు. ఇంత తేలిగ్గా నన్నెవరూ క్షమించలేదమ్మా. ఆ నలుగురినీ తలుచుకుంటే కడుపు నిండినట్టుంటుంది.

ఒక్కటి మాత్రం తేలడం లేదు. అమ్మాయి అడగబట్టి ఒప్పుకున్నాను. అడక్కపోతే? చెప్పేదాన్నేలే అని ఒక పూట అనిపిస్తుంది. ఆ పిల్లను ఓదార్చి, తప్పు దాని మీదే ఉండనిచ్చి ఇంటికొచ్చేసేదాన్నని ఇంకో పూట అనిపిస్తుంది. ఏది నిజమో నాకు తెలియదు.

ఇట్లు,
నీ దగ్గర ఎక్కువ రోజులు దాచలేని
నీ చిన్నకూతురు