తిరిగొచ్చినావా అని అడిగే వీధి

ధర్మపురి,
3-6-1985

నా బంగారు అక్కకి,

నీ చెల్లెలు గౌరి రాసేది. పోయిన బేస్తవారం ఇల్లు మారి వచ్చేసినాము. కంబైనల్లూరునించి సామాన్లన్నీ ఆయన పని చేసే లారీ ఆఫీసు బండిలోనే వచ్చినాయి. రుబ్బురోలు దించేటప్పుడు అంచు విరిగింది, తక్కినవన్నీ బాగానే చేరినాయి. పిల్లోడు స్కూలు తెరిచేదాకా అత్త దగ్గరే ఉంటాడు. ఆయన పొద్దున ఎనిమిదికి పోతే దీపాలు పెట్టే వేళకి వస్తాడు. పగలంతా నేనొక్కదాన్నే. నాయన మనకి పలక మీద దిద్దించిన ఈ అక్షరాలు ఈ ఇంట్లో నాకు తప్ప ఇంకెవరికీ రావు. ఆయనకి అరవం తప్ప చదవను రాదని నీకు తెలుసు కదా. అందుకే నీకు ఏదైనా దాచకుండా రాయగలను.

ఇల్లు చిన్నదే. మాదమ్మాళ్ అనే పెద్దామె ముందు భాగంలో ఉంటుంది, వెనక రెండు గదులూ వంటిల్లూ మనకి. పాలు పొంగించి, దేవుడి పటాలు పెట్టి, ఇంక చుట్టుపక్కల చేసుకోవలసిన పనులు మొదలుపెట్టినాను. పాలామెకి చెప్పడం, పిండి మిషను ఎక్కడుందో చూసుకోవడం, కుళాయి ఏ వేళకి వస్తుందో అడగడం. కొత్త చోట ఎవరైనా చేసేవే. కానీ అక్కా, ఈ వీధికి నేను కొత్త కాదు.

నవ్వకుండా చదువు. మొదటి రోజు పొద్దున పాలు పోసే చిన్నతాయి క్యాను దించి నా ముఖం చూసింది. చేతిలో కొలపాత్ర అట్లే నిలిచిపోయింది. "ఎప్పుడు తిరిగొచ్చినావు?" అని అరవంలో అడిగింది. "తిరిగి రావడమేంటమ్మా, నిన్ననే కొత్తగా దిగినాము" అంటే, నన్ను పైనించి కిందికి చూసి, నేను ఎంత అని చెప్పకముందే అరలీటరు పోసి, డబ్బులు కూడా అడక్కుండా గబగబా పోయింది. వీధి మలుపు దగ్గర నిలబడి వెనక్కి తిరిగి చూసింది, నేను ఇంకా ఉన్నానో లేదో అన్నట్టు.

మర్నాడు రాగులు పట్టించను పోయినాను. మిషనతను తలెత్తకుండానే, "నీకు కొంచెం బరకగా ఉండాలి కదమ్మా" అన్నాడు. అవును, మనింట్లో ముద్దకి ఎప్పుడూ బరక పిండే. ఆ సంగతి అతనికి ఎవరు చెప్పినారు? అడుగుదామని చూస్తే అప్పుడు తలెత్తినాడు. ముఖంలో నెత్తురు లేదు. పిండి డబ్బా నా చేతికి ఇయ్యకుండా తిన్నె మీద పెట్టి లోపలికి పోయినాడు. కుళాయి దగ్గర కూడా ఇంతే. నేను బిందె తీసుకొని పోతే ముందున్న ఆడోళ్ళంతా పక్కకి జరిగి దారి ఇస్తారు. మర్యాద అనుకొన్నాను. తర్వాత చూస్తే, నా చెయ్యి తగలకుండా కొంగులు దగ్గరికి లాక్కొంటా ఉన్నారు.

ఇంకొక సంగతి. ఇంట్లో మేకులూ బట్టల తీగె అన్నీ సరిగ్గా నా చేతికందేటట్టు ఉన్నాయి. వంటింటి గోడకి, కిటికీ పక్కన, ఒక నూనె మరక ఉంది, ఎవరో రోజూ తల ఆనించి నిలబడినట్టు. మధ్యాహ్నం అన్నం ఉడుకుతా ఉంటే ఊరికే ఆనుకొన్నాను. తల సరిగ్గా ఆ మరకలో కుదురుకొనింది. ఉలిక్కిపడి తీసేసినాను.

ఆయనకి చెప్పితే "కొత్త చోటు, అలవాటవుతుంది" అంటాడు. నువ్వు ధర్మపురికి వస్తా పోతా ఉంటావు కదా, ఈ వీధి సంగతి నీకేమైనా తెలుసునా? నాయన ఆరోగ్యం ఎట్లుందో రాయి.

నీ
గౌరి


ధర్మపురి,
9-6-1985

అక్కా,

నీ జవాబు కోసం కాచుకోలేక మళ్ళీ రాస్తా ఉండాను.

నిన్న రేషన్ కార్డు మార్పించుకోను పోవాలంటే దారి తెలీక ఎదురింటి అంజనమ్మని తోడు అడిగినాను. ఆమె వాకిలి దాటి రాలేదు. అక్కడినించే, "నువ్వు ఎవరో మొదట చెప్పు" అనింది. నా పేరు, ఊరు, ఆయన పని అన్నీ చెప్పినాను. నా కాళ్ళ వైపు చాలాసేపు చూసి, ఆపైన దగ్గరికి వచ్చి, నా చెయ్యి పట్టుకొని నొక్కి చూసింది. వెచ్చగా ఉందో లేదో అని.

"తప్పుగా అనుకోవద్దమ్మా. మీరుండే ఇంట్లో మీకు ముందు మంగై అని ఒకామె ఉండేది. అచ్చం నువ్వే. అదే నడక, అదే నుదురు. పోయిన ఆడి మాసంలో కామెర్లు వచ్చి ఆ వంటింట్లోనే ప్రాణం పోయింది. ఏడాది కూడా కాలేదు, నువ్వు బిందె పట్టుకొని అదే వాకిట్లోనించి వస్తే మేమేమనుకోవాలి?"

"ఆమె మొగుడి పేరేంటి?" అని అడిగినాను. "వడివేలు. అచ్చుపనికి పోయేవాడు" అనింది.

మన అలమేలుమంగ, అక్కా. మన చిన్నది.

అంజనమ్మ అడిగింది, "నీకు చుట్టమా?" అని. నేనేమన్నానో తెలుసా? "కాదు, ఎవరో" అన్నాను. పదేండ్లుగా అదే మాట అలవాటు కదా. అది వడివేలుతో పోయిన రోజు నాయన తలస్నానం చేసి వచ్చి, నాకు ఇద్దరే కూతుర్లు అన్నాడు. ఆ రోజునించి మనం ఇద్దరమే అయిపోయినాము.

కానీ నీకు కూడా తెలీని పాపం ఒకటి నా కడుపులో ఉంది. డెబ్బై ఎనిమిదిలో కంబైనల్లూరుకి దాని జాబు వచ్చింది. తెలుగులో రాసింది. "చిన్నక్కా, నాకు ఏడో నెల. ఇక్కడ నాకు ఆడదిక్కు ఎవరూ లేరు. కాన్పుకి నీ దగ్గరికి రానా? పది రోజులు ఉండి పోతాను" అని. అత్త పొయ్యి ముందే కూర్చోనుంది. ఆమెకి ఆ అక్షరాలు రావు, ఏం జాబు అని అడిగింది. "ఏదో గుడి చందా కాగితం" అని చెప్పి పొయ్యిలో పెట్టేసినాను. జవాబు రాయలేదు. ఒక కార్డు ముక్క కూడా రాయలేదు. నా చెల్లెలు వాకిట్లో తపాలా మనిషి కోసం ఎన్ని రోజులు కాచుకొనిందో.

అది తల ఆనించిన గోడ దగ్గరే ఇప్పుడు నేను వండుకొంటా ఉండాను. వీధంతా నన్ను చూసి తిరిగొచ్చినావా అంటుంది. అది నన్నే ఈ ఇంటికి పిలిపించిందని అనిపిస్తా ఉంది. అప్పుడు నేను రానియ్యలేదు, ఇప్పుడు నన్ను పోనియ్యదు. ఆయన ఇల్లు మారుదామంటాడు, నేను ఒప్పుకోలేదు.

ఒక ఆడపిల్ల ఉండేదంట అక్కా. అంజనమ్మ చెప్పింది. అది పోయినాక, అప్పుడప్పుడు చూడను వచ్చి పోయే ఒక ఆమె పాపని తీసుకొని పోయిందంట, ఎక్కడికో ఎవరికీ తెలీదు. ఆ బిడ్డని వెతకాలి. ఇంకెవరిని అడగను? నాకు సాయం చెయ్యి.

గౌరి


పాపిరెడ్డిపట్టి,
13-6-1985

గౌరికి,

కనకక్క ఆశీస్సులు. నీ రెండు జాబులూ చేరినాయి. మొదటిదానికి ఏమని రాయాలో తోచక ఊరకున్నాను. ఇంక దాచి లాభం లేదు.

పాపని తీసుకొని వచ్చిన ఆమె నేనే. నువ్వు చూసినావు కూడా. ఉగాదికి వచ్చినప్పుడు జ్వరంతో నిద్రపోతా ఉండిన పిల్ల, మీ బావ చుట్టాల పాప అని చెప్పినాను, అదే వల్లి. నువ్వు వంగి దాని ముఖం చూసి "ఎవరిదో ఈ ముక్కు" అన్నావు. అది కళ్ళు తెరిచేలోగా నిన్ను అవతలికి పిలుచుకొని పోయినాను.

నువ్వు జవాబు రాయకపోతే అది నాకు రాసింది గౌరీ. మీ బావకి తెలీకుండా పోయి కాన్పు చేసి వచ్చినాను. ఆపైన ఏడాదికి రెండు మూడు సార్లు, సంత సాకుతో, ఆస్పత్రి సాకుతో పోయి చూసేదాన్ని. నీకు జాబు రాసిన సంగతి నాకు అప్పుడే చెప్పింది. నిన్ను ఒక్క మాట అనలేదు. "చిన్నక్కకి అత్తంటే భయం, పాపం" అనింది. దాని ప్రాణం పోయేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. నీకు ఇన్నాళ్ళూ చెప్పకుండా ఉన్నది నీ మీద కోపంతో కాదని రాయాలని కూర్చున్నాను. అది అబద్ధం. కోపమే.

ఆ ఇల్లు నిన్ను పిలవలేదు. ఆ ఇంటికి నిన్ను పంపింది నేను. మీ ఆయనకి ఇల్లు కావాలని తెలిసి, మాదమ్మాళ్‌తో మాట్లాడి, బ్రోకరుతో చెప్పించినాను. నీకేమీ చెప్పవద్దని ఆమెతో ఒట్టు వేయించుకొన్నాను. వీధి నిన్ను చూసి ఏమంటుందో నాకు తెలుసు. నువ్వు వినాలనే అనుకొన్నాను. విన్నావు. ఇప్పుడు నా కోపం ఎక్కడికి పోయిందో తెలీదు.

ఇంకొక మాట. నాయనకి మతి సరిగ్గా లేదు. ఈ మధ్య వల్లిని చూసి "మంగా, ఎక్కడికి పోయినావే ఇన్నాళ్ళు" అని చెయ్యి పట్టుకొని వదలడు. పిల్ల బెదిరి నా వెనక దాక్కొంటుంది. తాను వల్లినని చెప్పి చెప్పి అలిసిపోయింది. అది ఇక్కడ ఉండకూడదు. వడివేలు బెంగుళూరులో అచ్చాఫీసులో ఉన్నాడు, నెలకోసారి వస్తాడు. దాన్ని నీ దగ్గర ఉంచను అతను సరే అన్నాడు. మీ ఆయన ఒప్పుకొంటే పిల్లని తీసుకొని ఈ వారం కాక పై ఆదివారం బస్సుకి వస్తాను. భయమొక్కటే. నీ ముఖం చూసి అది ఏమైపోతుందో.

మీ అక్క
కనకమ్మ


ధర్మపురి,
24-6-1985

అక్కా,

నువ్వు నిన్న బస్సు వేళ అయిపోతుందని మాటలు పూర్తి కాకుండానే పోయినావు. నువ్వు ముందు గదిలో మాదమ్మాళ్‌తో ఉన్నావు కదా, వాకిట్లో జరిగింది నువ్వు చూడలేదు. అందుకే రాస్తా ఉండాను.

నేను గడప మీద నిలబడినాను. వీధిలో ఆడోళ్ళంతా తలుపుల్లో నిలబడి చూస్తా ఉన్నారు. చిన్నతాయి కూడా ఉంది. వల్లి నా ముందుకి వచ్చి, తల ఎత్తి, చాలాసేపు చూసింది. అమ్మా అంటే ఏం చెయ్యాలి, ఏడిస్తే ఏం చెయ్యాలి అని రాత్రంతా ఆలోచించి పెట్టుకొన్నవన్నీ మరిచిపోయినాను. అప్పుడు అది వీధి వైపు తిరిగి, అరవంలో, గట్టిగా, "ఈమె మా అమ్మ కాదు" అనింది. ఎవరూ అడగలేదు. అదే చెప్పింది. మళ్ళీ నా వైపు తిరిగి, తెలుగులో, "మా అమ్మ ఇంత లావు కాదు. నువ్వెవరు?" అని అడిగింది.

నేను కూడా వీధికంతా వినపడేటట్టు చెప్పినాను. "నేను మీ అమ్మకి అక్కని. మంగకి తోడబుట్టినదాన్ని" అని. పదేండ్లయింది అక్కా ఆ మాట నోటితో అని. చిన్నతాయి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. అంజనమ్మ దగ్గరికి వచ్చి, "ఆ రోజు అడిగితే ఎవరో అన్నావు కదా" అనింది. "తప్పు చేసినాను" అన్నాను.

ఆయనకి కూడా జాబు కాల్చిన సంగతి చెప్పేసినాను. విని, లేచి చొక్కా వేసుకొన్నాడు. తర్వాత పోయి పాపకి చెప్పులు కొనుక్కొని వచ్చినాడు.

ఈ రోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక పండుకోమని వంటింటి పక్క గదిలో చాప వేసినాను. వల్లి చాపని అడుగు దూరం ఇవతలికి లాక్కొనింది. "ఎందుకే, అక్కడ గాలి బాగా వస్తుంది కదా" అంటే, "అది అమ్మ చోటు" అనింది. ఏడుపు లేదు, భయం లేదు, ఉన్నదున్నట్టు చెప్పింది. "అమ్మ ఇప్పుడు కూడా అక్కడే పండుకొంటుందా?" అని అడిగినాను. అది నిద్ర కళ్ళతో ఆ చోటు వైపు చూసి, "గట్టిగా మాట్లాడొద్దు పెద్దమ్మా" అనింది.

పిల్ల పక్కన ఇటువైపు నేను పండుకొన్నాను. అటువైపు చోటు వదిలిపెట్టినాను అక్కా.

నీ
గౌరి