దిష్టికి అర్థం కాని మాట

బెంగళూరు, 1946, శుక్రవారం రాత్రి

సాయంత్రం నేను మల్లెపూలు పెట్టుకుంటా ఉంటే మా ఆయన గడపలో నిలబడి "కే గ్వాపా!" అన్నారు. స్పెయిన్ భాషలో 'ఎంత అందంగా ఉండావు' అనంట. పెండ్లయినప్పటి నుంచి తెలుగులో ఒక్కసారీ అనని మనిషి!

యాడ నేర్చుకున్నారంటే, తెల్లదొరలుండే దండు పేటలో ఆయన పనిచేసే పట్టుచీరల అంగడికి వచ్చే స్పెయిన్ దొరసాని దగ్గరంట.

"తెలుగులో అంటే దిష్టి తగులుతుందే. ఇదైతే దిష్టికి అర్థం కాదు" అని నవ్వినారు.

అత్త నమ్మలేదు. ఉప్పు, ఎండుమిరపకాయలు నాకు దిగదుడిచి పొయ్యిలో వేసింది. "ఘాటే రాలేదు చూడు, గట్టిగా తగిలింది" అనింది.

నాకు దిష్టి దిగులు లేదు. ఆ మాట ఆయన ఒక్క తడబాటు లేకుండా అన్నారు. నోరు అంత బాగా తిరిగేదాకా ఎవరి మొహం చూసి అని ఉంటారో...