ఇరవై ఊపులు

7 జూలై 2025, సోమవారం
శ్రేయకు ఫిజిక్స్ ఇచ్చేటట్టున్నారు. డేటా సైన్స్ డిగ్రీలో ఫిజిక్స్ స్పెషలైజేషన్. ఏడో తరగతితో ఆగిపోయి, మెదక్ బజారులో నలభై ఏళ్ళు కాంటాలు రిపేరు చేసినవాడి బిడ్డకు. పక్క దుకాణం ప్రభుదాసుకు చెప్పాను. "పొద్దుగాల చెప్పినవ్ గదనే" అన్నాడు. మళ్ళీ చెప్పాను.

ఒక షరతు ఉంది. ముందు చిన్న ప్రయోగం చేసి సార్‌కు చూపాలి. నచ్చకపోతే బిజినెస్‌లో వేస్తారట.

8 జూలై
శ్రేయ ఫోన్‌లో అంతా చెప్పింది. మీటరు దారం, కొసకు వంద గ్రాముల తూకపు బాట్. ఊపి వదిలి, ఇరవై ఊపులకు ఎన్ని సెకన్లో రాయాలి. పొద్దున ఏడింటికి, పదిసార్లు. హైదరాబాద్ హాస్టల్‌లో తను, ఇక్కడ నేను. ఇద్దరివీ కలిపి చూస్తుందట. బిడ్డ హాస్టల్‌కు పోయి నెలైంది. ఏడింటికి అక్కడ కూడా దారం ఊగుతుంటుంది.

ఎట్లున్నవ్ అని అడిగింది. ఎప్పటిలాగే మంచిగున్న అన్నాను.

11 జూలై
40.1. 40.4. 39.8. ఒకటి వచ్చినట్టు ఇంకొకటి రాదు. కాంటా రిపేరువాడి కొలత పూటకో తీరుంటే పరువుంటుందా? అన్నీ 40.1 అని దిద్ది పంపాను.

12 జూలై
దిద్దాను.

14 జూలై, పొద్దున 9
"నాయినా, నిజం చెప్పు. అన్నీ ఒక్క తీరే ఎట్లొచ్చినయ్?" అన్నది శ్రేయ. చెప్పాను.  "గా తేడాలే గద నాకు కావాల్సింది. నీ చెయ్యి ఎంత ఆగిందో, గాలి ఎంత తగిలిందో అండ్లనే దొరుకుతది. తేడా లేని లెక్క సార్ నమ్మడు" అన్నది. శుక్రవారం చూపాలట.

"కాంటా అనుకున్నవా, బిడ్డ చదువును దిద్దవడితివి" అన్నది జ్ఞానమ్మ.  మా పెళ్ళై ముప్పై ఏళ్ళు, ఆమె ఎప్పుడూ సరిగ్గానే తూస్తుంది. 

18 జూలై
ఈ మూడు రోజులు ఏది వస్తే అదే రాశాను. 40.9 కూడా. ఆటో హారన్‌కు ఉలికిపడి స్టాప్‌వాచ్ బటన్ ఆలస్యంగా నొక్కాను. సార్ ఆ అంకె మీదే వేలు పెట్టాడట. "మా నాయిన ఉలికిపడ్డడు సార్" అన్నదట. ఆయన నవ్వి, ఫిజిక్స్ ఇచ్చాడట.

దేవా, నీకు స్తోత్రం. చర్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. సంతోషంతోనే.

19 జూలై
ఇక కొలిచే పని లేదు. ఏడింటికి దారం ఊపాను.

శ్రేయ ఎట్లున్నవ్ అన్నది. ఈరోజు దిద్దలేదు. రంది అయితుంది బిడ్డా, నువ్వే యాదికొస్తున్నవ్ అన్నాను.